పదకొండిళ్ళ హంచో

మార్చి నెల వచ్చిందంటే మా మెట్లవీధిలో అందరికీ ఏదో ఒక జబ్బు చేస్తుంది. మిజోగుచి గారికి మోకాళ్ళు పట్టేస్తాయి. కట్సుమతా తాతకి చెవుడు ముదురుతుంది. నాకు, ఒప్పుకోవాలి కదా, రక్తపోటు పెరుగుతుంది. ఏప్రిల్ రెండో వారానికి ఎవరి జబ్బు వాళ్ళకి నయమైపోతుంది, ఎందుకంటే ఈలోగా ఆ ఏటికి హంచో ఎవరో తేలిపోయి ఉంటుంది. చాలాసార్లు తేలేది కువహారా ఫుసాయె పేరే.

హంచో అంటే జట్టుకు పెద్ద. వినడానికి బాగానే ఉంటుంది. యొకొసుక రేవు వెనక కొండకి అతుక్కుని ఉన్న మా పదకొండిళ్ళూ ఒక జట్టు. కింది రోడ్డు నుంచి పైయింటి దాకా నూట నలభై మూడు మెట్లు. బండి రాదు. సోమ, గురువారాల్లో చెత్త సంచులు మెట్ల కింద పెడితే వాటి మీద కాకులు పడకుండా వల కప్పేది ఆ పెద్దే. లారీ వెళ్ళాక వల ఎత్తి, ఊడ్చి, నీళ్ళు కొట్టేదీ ఆ పెద్దే. ఇంటింటికీ చేతులు మారే నోటీసుల అట్ట ఎవరింట్లో ఆగిపోయిందో కనుక్కోవాలి. వారం తప్పి సీసాలు పడేసినవాళ్ళ తరఫున వాడ సంఘం అధ్యక్షుడి దగ్గర చివాట్లు తినాలి. తిన్న చివాట్లు ఎవరికి చేర్చాలో తెలిసినా చేర్చకూడదు, మళ్ళీ మొహాలు చూసుకోవాలి కదా.

పదకొండిళ్ళలో నాలుగు ఖాళీ. ఒకాయన ఆస్పత్రిలోనే ఉంటున్నాడు. మిగిలినవాళ్ళ మధ్య వంతు సక్రమంగా తిరిగితే ఐదారేళ్ళకోసారి వస్తుంది. ఫుసాయెకి మాత్రం ఏడాది విడిచి ఏడాది వచ్చేది. ఎవరు తప్పుకున్నా, "పోనీ, ఫుసాయె గారికి అలవాటే కదా" అని ఇంకెవరో అందించేవారు. ఆ "పోనీ" వింటే ఆవిడకి ఒళ్ళు మండేది. మండుతూనే వెళ్ళి వల కప్పేది.

నిజానికి హంచో అన్న మాట ఆమెను చిన్ననాటి నుంచీ వదల్లేదు.

ఆమె తండ్రి నెజు తొకుజి ఓడల మరమ్మతు రేవులో రివిట్లు కొట్టేవాడు. యుద్ధం ఓడిపోయాక రేవు అమెరికా సైన్యం చేతికి వెళ్ళింది. ఓడల అడుగున పట్టిన తుప్పూ నాచూ గీకడానికి పద్దెనిమిది మందిని ఒక జట్టు కట్టారు. వాళ్ళలో తొకుజికి పది ఇంగ్లీషు ముక్కలు వచ్చు, అందుకని ఆయన్నే హంచో చేశారు. పని ఏమాత్రం ఆలస్యమైనా అమెరికా సార్జెంటు గట్టు మీద నిలబడి "హాంచో, హాంచో" అని అరిచేవాడు. పద్దెనిమిది మందినీ తిట్టడం కంటే ఒక్కణ్ణి తిట్టడం తేలిక కదా. ఆ తిట్లు తొకుజి తన భాషలోకి మార్చి జట్టుకు చెప్పేవాడు. జట్టు ఆయన్నే ఎదురు తిట్టేది. అన్నం డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్ళిన ఫుసాయె, వాళ్ళు నాన్నకి ఇంగ్లీషు పేరు పెట్టారనుకుంది.

"నిన్ను హాంచో అంటారేంటి నాన్నా? అదేం పేరు?"

"పేరు కాదే. మన మాటే. పలకడం చేతకాక సాగదీస్తారు."

"అయితే నువ్వు అందరికంటే పెద్దవాడివా?"

"అందరికంటే ఆఖర్న ఇంటికొచ్చేవాణ్ణి," అన్నాడాయన.

ఆ ఏడే బడిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆరుగురు పిల్లలకొక జట్టు, జట్టుకొక హంచో. కొత్త పంతులమ్మ పిల్లలందరినీ ఒకసారి చూసి ఫుసాయెను వేలు పెట్టి చూపించింది. ఎందుకని అడిగే ధైర్యం ఆ పిల్లకి లేకపోయింది. బళ్ళో పోసే పాలు మీగడ తీసిన పొడితో కలిపినవి, తడి గుడ్డ వాసన కొట్టేవి. జట్టులో అందరూ గిన్నె ఖాళీ చేస్తేగానీ ఎవరూ ఆటకి లేవకూడదని నియమం. ఐదుగురూ ముక్కులు మూసుకుని కూర్చుంటే, వాళ్ళ గిన్నెల్లో మిగిలిందంతా ఫుసాయె తాగేది. నెలాఖరున పంతులమ్మ మెచ్చుకుంది, ఫుసాయె జట్టు క్రమశిక్షణలో మొదటిదని. బహుమానంగా మరుసటి నెల కూడా ఆమెనే హంచోగా ఉంచింది.

పదహారేళ్ళకి నావికులకి జాకెట్లు కుట్టే చిన్న కార్ఖానాలో చేరింది. వీపు మీద పులులూ డ్రాగన్లూ పట్టు దారంతో కుట్టి ఇస్తే, అమెరికా కుర్రాళ్ళు తమ దేశానికి గుర్తుగా పట్టుకెళ్ళేవారు. నాలుగో ఏట మిషన్ల వరసకి ఆమెను హంచో చేశారు. దారం తెగినా, కరెంటు పోయినా, ఎవరైనా ఏడ్చినా ఆమెదే బాధ్యత. ఒకసారి ఒక నావికుడు కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు రాసిచ్చి, పులి పైన అవి కుట్టమన్నాడు. ఆమె అక్షరాల వంపులు చూసి చూసి కుట్టింది. పని అయ్యాక యజమానిని అడిగింది.

"ఏమని కుట్టానండీ ఇంతకీ?"

"హాంచో అని."

ఆమె సూది పక్కన పెట్టింది. "తెలిసే రాయించుకున్నాడా? ఎవరైనా ఏడిపించడానికి చెప్పారా?"

"కోరి రాయించుకున్నాడమ్మా. వాళ్ళకదో గొప్ప."

"మా నాన్నైతే వీపు మీదిది పీకిపారెయ్యమని బతిమాలుకునేవాడు," అంది ఫుసాయె.

పెళ్ళయి మా వీధికి వచ్చాక సంగతి వేరుగా ఉంటుందనుకుంది. భర్త మసనొబు సిటీ బస్సు నడిపేవాడు, నెమ్మదైన మనిషి. వచ్చిన రెండో ఏడే ఆమెను హంచోగా రాసేశారు. "నీ మొహంలోనే ఏదో ఉందే, చూస్తే పని చెప్పబుద్ధేస్తుంది," అని భర్త నవ్వేవాడు. ఆయన యాభై ఎనిమిదో ఏట పోయాడు. ఆయన కర్మకాండకి వచ్చినవాళ్ళ చెప్పులు సర్దాల్సిన పని జట్టు హంచోది. ఆ ఏడు హంచో ఫుసాయే. వితంతువు చేత చెప్పులు సర్దించడం బాగోదని మిజోగుచి గారు పెద్ద మనసు చేసుకుని ఆ ఒక్క పూట తాను చేసింది. ఆ సంగతి ఇరవై ఏళ్ళపాటు గుర్తుచేస్తూనే ఉంది.

ఇదంతా అయ్యి ఫుసాయెకి డెబ్భై రెండేళ్ళొచ్చాయి. ఆ మార్చి సమావేశం కూడా ఆమె ముందుగదిలోనే జరిగింది. టీ పోసి, బియ్యప్పిండి బిస్కట్లు పెట్టి, ఎవరూ నోరు విప్పకముందే ఆమె మొదలుపెట్టింది.

"పైయింటి డెల్బర్ట్ గారు వచ్చి ఆరేళ్ళయింది. ఒక్కసారి కూడా వంతు పడలేదు."

"పరాయి దేశం మనిషి కదండీ, పాపం," అంది మిజోగుచి గారు మోకాలు రుద్దుకుంటూ. "ఆయనకేం తెలుస్తుంది?"

"చెత్త వెయ్యడం తెలుసు కదా. ఆ చెత్త మన దేశంలోదే కదా."

డెల్బర్ట్ అమెరికా నౌకా స్థావరంలో కరెంటు పనిచేసి రిటైరైన మనిషి. భార్య చిజుకో పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. మా భాష ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఆవిడ మహా మర్యాదస్తురాలు కావడంతో, అతనికి ఎవరినైనా "మీరు" అనడమే వచ్చు. మెట్ల మీద పడుకున్న పిల్లిని కూడా "మీరు కాస్త జరుగుతారా" అని అడిగేవాడు. ఫుసాయె స్వయంగా పిలిస్తే కాస్త ఆలస్యంగా, గుమ్మానికి తల తగలకుండా వంగి వచ్చాడు. విషయం చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"నన్నా? హాంచోగానా? మా దేశంలో హాంచో అంటే మామూలు మనిషి కాదండీ. బ్యాంకులకుంటారు, సినిమా కంపెనీలకుంటారు. అందరికంటే పైవాణ్ణి హెడ్ హాంచో అంటాం."

"హెడ్ అంటే?" అని నన్నడిగింది ఫుసాయె.

"తల," అన్నాను.

"చో అంటేనే తల కదండీ. హన్ అంటే జట్టు, చో అంటే తల. తల మీద ఇంకో తల పెట్టారా వీళ్ళు?"

డెల్బర్ట్ ఆమె మాట పూర్తిగా పట్టుకోలేదు. ఏదో ఆలోచిస్తూ గడ్డం గోక్కున్నాడు.

"ఒక్కటే అర్థం కాదండీ నాకు. స్పెయిన్ వాళ్ళ మాట ఈ కొండ మీదికి ఎలా వచ్చింది?"

ఫుసాయె టీ కెటిల్ కింద పెట్టింది.

"ఏ మాట?"

"హాంచో. అది స్పానిష్ కదండీ. మా టెక్సస్‌లో పసిపిల్లల్నడిగినా చెప్తారు."

"మా నాన్న హంచో. ఈ రేవులోనే. మీ సార్జెంటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాట పట్టుకునే ఆయన్ని కాల్చుకు తిన్నాడు. అలా మీ నోటికెక్కింది అది."

"మీ నాన్నగారంటే నాకు గౌరవమండీ. కానీ మీరు పొరబడి ఉంటారు. అందులో మీ తప్పేం లేదు."

ఆమె మొహం చూసి మేమంతా బిస్కట్ల మీద పడ్డాం. చిన్నప్పటి నుంచీ మోసిన బరువును ఎవడో వచ్చి, అది మీది కాదు, ఇంకొకరి సామానంటే ఎలా ఉంటుంది? ఆమె కొత్త హంచో పేరు రాసే కాగితం మీద డెల్బర్ట్ పేరు రాసి, కింద రెండు గీతలు గీసింది.

వారం తర్వాత అతను రొప్పుతూ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. స్థావరంలోని గ్రంథాలయానికి వెళ్ళి పెద్ద నిఘంటువు తెరిచి చూశాడట. ఒక చీటీ మీద రాసుకొచ్చాడు.

"ఫుసాయె గారూ, మీకొక వింత చెప్పాలి. మీరు నమ్మరు. హాంచో అన్నది జపాన్ మాటండీ."

ఫుసాయె తలుపు పట్టుకుని నిలబడింది.

"హన్ అంటే జట్టట. చో అంటే పెద్దట," అతను చీటీ చూసి చదివాడు. "యుద్ధమయ్యాక ఇక్కడికొచ్చిన మా సైనికులు నేర్చుకుని పట్టుకెళ్ళారట. నేను ఇన్నేళ్ళు ఇక్కడుండి తెలుసుకోలేకపోయాను. మీకైనా తెలుసా ఇది?"

"లేదండీ," అంది ఫుసాయె. "ఇప్పుడే తెలిసింది."

తర్వాత ఆ సంగతంతా నాతో చెప్పింది. "వయసు మీద పడ్డాక మనిషిని కొట్టాలనిపించింది ఇదే మొదటిసారి," అంది.

అంతకంటే కష్టమైంది ఏమిటంటే, డెల్బర్ట్ ఆ పని బాగా చేశాడు. అంటే, తాను చెయ్యకుండా బాగా చేయించాడు. హాంచో అన్నవాడు పనులు పంచాలని అతని నమ్మకం. కాగితం మీద ఇంటింటికీ ఒక పని రాసి, మెట్ల కింద చీపుర్లు పెట్టే రేకు పెట్టెకు అంటించాడు. కాకుల వల మిజోగుచి గారికి రాశాడు. ఆవిడ మోకాళ్ళ సంగతి ఎత్తింది.

"అయ్యో, నెప్పా? అయితే మీకు కుర్చీ వేస్తాను," అని నిజంగానే మడత కుర్చీ తెచ్చి వేశాడు. మా భాషలో వద్దని చెప్పడానికి వాడే చుట్టుతిరుగుడు మాటలేవీ అతనికి తెలియవు. ఎవరేం చెప్పినా ఉన్నదున్నట్టు నమ్మేవాడు. అలా నమ్మే మనిషి ముందు సాకులు నిలవలేదు. మే నెల వచ్చేసరికి మిజోగుచి గారు లేచి తిరుగుతూ వల కడుగుతోంది. నేను కలుపు పీకుతున్నాను.

"నలభై ఏళ్ళు," అంది ఫుసాయె కిటికీలోంచి చూస్తూ. "నలభై ఏళ్ళు నేను ఒక్కదాన్నే కడిగాను. చెయ్యమని అడిగితే పోయేదా? ఒక్కరైనా చెప్పారా నాకు, అడగొచ్చని?"

"మీరు అడిగితే మేం చేసేవాళ్ళం కాదేమో," అన్నాను.

"అది ఇంకా బావుంది," అని కిటికీ మూసేసింది.

సెప్టెంబరులో మూడు రోజులు ఆగకుండా వాన పట్టింది. నాలుగో రోజు పొద్దున్న, ఖాళీ ఇళ్ళలో ఒకదాని వెనక రాతిగోడ పొట్ట ఉబ్బి, మట్టీ రాళ్ళూ మెట్ల మీదికి జారాయి. అందరూ కిందికి దిగి బడి వ్యాయామశాలకి వెళ్ళాలని నగరపాలక సంస్థ మైకు అరుస్తోంది. డెల్బర్ట్ ఇంటింటికీ పరిగెత్తి చెప్పాడు. పలికినవాళ్ళందరూ కదిలారు, కట్సుమతా తాత తప్ప. ఆయన గొడుగు పట్టుకుని గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు.

"మీరు దిగాలండీ. ఇది హాంచో ఆజ్ఞ," అన్నాడు డెల్బర్ట్.

తాత చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఎవరు నువ్వు?"

"హాంచోనండీ."

"హంచో ఫుసాయె కదా. ఆ అమ్మాయి వచ్చి చెప్తే దిగుతా."

సగం మెట్లు దిగిన ఫుసాయె, విషయం తెలిసి, వానలో వెనక్కి ఎక్కింది. "ఈ ఏడు నేను కాదు తాతా, ఆయన."

"నువ్వు కాకపోవడమేంటి, ఎప్పుడూ నువ్వే కదా. ఏమమ్మాయ్, ఉద్యోగం పీకేశారా?"

"పీకేశారు. ఇంత దరిద్రపు ఉద్యోగంలోంచి కూడా పీకేశారు. లేస్తావా, నీతో పాటు నన్నూ ఇక్కడే పూడ్చిపెట్టిస్తావా? తడిసి ముద్దయ్యాను. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోస్తావా నువ్వు?"

ఆమె తిట్టిన తిట్లలో సగమైనా తాతకి వినపడి ఉండవు. కానీ లేచాడు. డెల్బర్ట్ ఆయన్ని వీపున ఎక్కించుకున్నాడు. ఫుసాయె ముందు నడుస్తూ, ఏ మెట్టు మీద రాయి ఉందో చెబుతూ దింపింది. వాళ్ళు రోడ్డు చేరిన కాసేపటికే గోడ పూర్తిగా కూలింది. తాత పీట వేసుకున్న చోటు మోకాలి లోతు బురదైంది.

వ్యాయామశాలలో తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. మిజోగుచి గారు లేదు. రెండు గంటలపాటు అగ్నిమాపక దళం వాళ్ళు కూలిన మట్టిలో పారలతో వెతికారు. చివరికి తేలింది, ఆవిడ ముందురోజే ఎవరికీ చెప్పకుండా కామకురాలో చెల్లెలింటికి వెళ్ళి సుఖంగా పడుకుందని.

వాడ సంఘం అధ్యక్షుడు ఓనుకి గారు డెల్బర్ట్‌ని అందరి ముందూ నిలబెట్టాడు.

"నీ జట్టులో ఎవరెక్కడున్నారో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? నువ్వు హంచోవా, బొమ్మవా? మట్టిలో ఆ కుర్రాళ్ళకేమైనా అయితే ఎవరిది పూచీ?"

అంత పొడుగు మనిషీ మెడ వంచుకుని నిలబడ్డాడు. ఒంటి నిండా బురద. తాతను మోసుకొచ్చిన సంగతి చెప్పుకోలేదు, చెప్పొచ్చని తెలియలేదో ఏమో. "తప్పైందండీ" అని మాత్రం అంటున్నాడు. అధ్యక్షుడు ఆపలేదు. పక్కన చాప మీద కూర్చున్న ఫుసాయె తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటోంది. చేతులు ఆగిపోయాయి. తర్వాత లేచి వెళ్ళి అతని పక్కన నిలబడింది.

"జట్టు జాబితా ఆయనకి నేనిచ్చిందండీ. అందులో మిజోగుచి గారి చెల్లెలి నంబరు రాయలేదు. తప్పు నాది."

"మీరు ఈ ఏటి హంచో కాదు కదమ్మా."

"కాదు. అయినా నన్ను తిట్టండి, అలవాటే. ఆయన పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."

ఓనుకి గారు వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఇద్దరూ వెళ్ళి అన్నం ముద్దలు తీసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. డెల్బర్ట్ చాలాసేపు తినకుండా చేతిలో పట్టుకున్నాడు.

"హంచో అంటే ఇదేనా అండీ?" అన్నాడు. ఆ మాటను అతను సాగదీయకుండా పలకడం నేను విన్నది అప్పుడే.

"ఇదే. తినండి, పైన చుట్టిన నోరి నాచు మెత్తబడిపోతుంది."

"మీ నాన్నగారు ఎన్నాళ్ళు చేశారు?"

"పదకొండేళ్ళు."

అతను తల ఆడించాడు. ముద్ద కొరికాడు.

గోడ కట్టడానికి నగరపాలక సంస్థ వాళ్ళకి చలికాలమంతా పట్టింది. డెల్బర్ట్ ఏడాది పూర్తి చేశాడు. పనుల కాగితం తీసెయ్యలేదు గానీ, సోమవారాలు తనే ముందు దిగి చీపురు పట్టేవాడు. మిజోగుచి గారికి పాత జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. దానికి ఫుసాయె అతన్ని ఆడిపోసుకుంది. "ఒక్కటే ఒక్క మంచి పని చేశాడు ఈ వీధికి. నన్ను చూసి అన్నీ తనే చెయ్యడం నేర్చుకుని దాన్నీ పాడుచేసుకున్నాడు."

మార్చి వచ్చింది. ఈసారి సమావేశం డెల్బర్ట్ ఇంట్లో, అతను కాచిన చేదు కాఫీతో. అందరం అలవాటు ప్రకారం దగ్గి, మూలిగి, చివరికి చూపులు ఫుసాయె మీద నిలిపాం. ఎవరో "పోనీ..." అన్నారు. నేనేనేమో కూడా.

"నేను చెయ్యను," అంది ఫుసాయె.

కారణం చెబుతుందని ఎదురుచూశాం. మోకాలో, గుండో, కళ్ళో. ఆమె ఏ జబ్బూ చెప్పలేదు. కాఫీలో చక్కెర వేసుకుని కలుపుతూ కూర్చుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, కట్సుమతా తాత అయిపోయిందనుకుని లేవబోయాడు. చివరికి మిజోగుచి గారే, ఎవరూ అడగకుండానే, "అయితే ఒక్క ఏడాదే," అంది ఏడుపుగొంతుతో.

ఏప్రిల్ మొదటి సోమవారం తెల్లవారి లేవగానే ఫుసాయె అలవాటుగా చెప్పుల దగ్గరికి వెళ్ళింది. కింద మిజోగుచి గారు వలతో కుస్తీ పడుతున్న చప్పుడు. ఒక కొస బిగిస్తే ఇంకో కొస లేస్తోంది. పైన తీగ మీద కాకులు వరసగా చేరాయి. ఫుసాయె రెండుసార్లు గుమ్మం దాటబోయి రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఇంట్లో ఉంటే లాభం లేదని ఆమెకి అర్థమైంది. అన్నం డబ్బా కట్టుకుని, టోపీ పెట్టుకుని, వల ఉన్న వైపు మొహం తిప్పకుండా రోడ్డు దాటింది. "ఫుసాయె గారూ, ఒక్కసారి ఈ ముడి..." అని మిజోగుచి గారు పిలవడం మా ఇంటిదాకా వినపడింది. ఫుసాయె కన్నొన్‌జాకి వైపు వెళ్ళే బస్సెక్కింది.

అక్కడ లైట్‌హౌస్ కింద బండల మీద కూర్చుని పోయే ఓడలు చూసిందట. పన్నెండింటికి భోజనం చేసిందట. చెయ్యడానికి ఏమీ లేక, రెండింటికి మిగిలింది కూడా తినేసిందట. విసుగొచ్చిందా అని అడిగితే, "బాగా విసుగొచ్చింది, వచ్చే సోమవారం పుస్తకం పట్టుకెళ్ళాలి," అంది.